ఎవరూ కొనని చెత్త ఎవరిది?



సంక్రాంతికి ముందు మా ఇల్లు దులిపాం. అటక మీంచి దిగిన సామానంతా వరండాలో పోగైంది. ఒకప్పుడైతే ఆ పోగు భోగి మంటకు పోయేది. విరిగిన పీట, చివికిన చేట, నులక తెగిన మంచం కోళ్లు. ఇప్పటి పోగులో మంటకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. మోటారు కాలిపోయిన మిక్సీ ఒకటి, ఛార్జింగ్ నిలవని ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి, పాత సెల్‌ఫోన్లు రెండు. ఆ రెంటిలో ఒకదానికి పొట్ట ఉబ్బి వెనక మూత లేచిపోయింది. ఇవి కాక ఓ గోనెసంచి నిండా చిప్స్ కవర్లు, బిస్కెట్ రేపర్లు, షాంపూ ప్యాకెట్లు. పిల్లలున్న ఇల్లు కదా, నెల తిరక్కుండానే సంచి నిండింది.

మా వీధి చివర పాత ఇనుప సామాన్ల కొట్టుంది. అన్నీ ఆటోలో వేసుకుని అక్కడికి వెళ్లాను. కొట్టతను మిక్సీని బోర్లా తిప్పి, నాలుగు మరలూడదీసి, మోటారు బయటికి లాగి, ఉలితో ఒక్క దెబ్బ కొట్టాడు. రాగి తీగ చుట్ట ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని ఒక డబ్బాలో వేసి, మిగతా ప్లాస్టిక్ తొడుగును వెనక్కి విసిరేశాడు. బ్యాటరీని ఇద్దరు మోసి కాటా మీద పెట్టారు. యాభై కిలోలకు పైగా తూగింది. బేరమాడకుండా డబ్బిచ్చాడు. బాగున్న ఫోను సొరుగులోకి పోయింది. ఉబ్బిన ఫోనును మాత్రం వేలితో నా వైపు నెట్టాడు. గోనెసంచి మూతి కూడా విప్పలేదు.

"ఇదేమిటయ్యా, ఇవొద్దా?" అన్నాను.

"మాష్టారూ, రాగీ సీసమూ అయితే ఈ రాత్రికే లారీ ఎక్కేస్తాయండి. ఈ కవర్లెవడిక్కావాలండి? ఊరికే ఇచ్చినా వద్దండి. ఆ ఫోను మాత్రం తీసుకెళ్లిపోండి బాబూ, రాత్రప్పుడు అంటుకుందంటే కొట్టంతా పోద్ది" అన్నాడు.

ఆ ఫోను కొన్న షాపుకే వెళ్లి తిరిగి ఇవ్వబోయాను. "అలాంటి ఏర్పాటు మా దగ్గర లేదండీ" అన్నారు. కొత్త మోడళ్లు చూస్తారా అని మాత్రం అడిగారు.

విలువున్న సరుకును బజారే వెతుక్కుంటూ వచ్చి పట్టుకెళ్తుంది. మైకు పెట్టుకుని మన గుమ్మం ముందుకే వస్తుంది. ఎవరూ కొననిదాని సంగతేమిటి? అది ఎవరిది? వాడిన నాదా, ఊడ్చే మునిసిపాలిటీదా, తయారుచేసి అమ్మిన కంపెనీదా? ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ ఒక్క ప్రశ్న గురించే.

మనలో నడివయసు దాటిన వాళ్లకు దీని జవాబు చిన్నప్పుడే తెలుసు. కూల్‌డ్రింకు గాజు సీసాల్లో వచ్చే రోజుల్లో, కొట్టు దగ్గర నిలబడి తాగేసి సీసా అక్కడే ఇచ్చేయాలి. ఇంటికి పట్టుకెళ్లాలంటే డిపాజిట్ కట్టాలి. సీసా వెనక్కిస్తే ఆ డబ్బు వెనక్కొచ్చేది. ఆ పావలా కోసం, అర్ధ రూపాయి కోసం పిల్లలు పోటీ పడి సీసాలు మోసుకెళ్లేవాళ్లు. ఖాళీ సీసాల పెట్టెలు కంపెనీ బండెక్కి పోయేవి, కడిగి నింపిన సీసాలు తిరిగొచ్చేవి. గోలీ సోడాది ఇప్పటికీ అదే పద్ధతి. వీధిలో సోడాకాయ దొర్లుతూ కనిపించేది కాదు. దానికి కారణం మనం ఇప్పటికంటే శుభ్రమైన మనుషులం కావడం కాదు. ఖాళీ సీసాకు కూడా ఒక ధర ఉండేది, అంతే.

తర్వాత వాడి పారేసే సీసా వచ్చింది, ప్యాకెట్ వచ్చింది, పౌచ్ వచ్చింది. వెనక్కి తీసుకునే పని తప్పింది కాబట్టి కంపెనీకి ఖర్చు కలిసొచ్చింది. ఆ ఖర్చు మాయమైపోలేదు. ఊళ్లో చెత్త బండికి డీజిలు పోయించే పంచాయతీ నెత్తిన పడింది. కాలువ పూడిక తీసే కార్మికుడి నడుం మీద పడింది. ఏరు దాటాక తెప్ప తగలేసిన సామెత మనకుంది కదా, అమ్మకమయ్యాక సరుకు సంగతి అలాగే అయింది.

ఈ లెక్క సరిచేయాలన్న ఆలోచనకు పేరు పెట్టినవాడు థామస్ లిండ్‌క్విస్ట్ అనే స్వీడన్ పరిశోధకుడు. లుండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. 1990లో తమ దేశ పర్యావరణ శాఖకు ఇచ్చిన నివేదికలో ఈ సూత్రం చెప్పాడు. వస్తువును తయారుచేసినవాడి బాధ్యత అమ్మకంతో ముగియదు, అది పాడై పారేసేదాకా ఉంటుంది అన్నాడు. ఇంగ్లీషులో దీన్ని పొడి అక్షరాల్లో ఈపీఆర్ అంటారు. మన పత్రికలు ఉత్పత్తిదారు విస్తృత బాధ్యత అని రాస్తున్నాయి. ఇందులో ఒక తెలివైన కిటుకుంది. పారేసేటప్పటి ఖర్చు కూడా తనదేనని తెలిస్తే, కంపెనీ ఆ వస్తువును తయారుచేసేటప్పుడే జాగ్రత్త పడుతుంది. సులువుగా విప్పేలా చేస్తుంది, పది రకాల పదార్థాలు కలిపి అతికించడం మానేస్తుంది.

మరుసటి ఏడాదే, 1991లో, జర్మనీ ప్యాకేజింగ్ మీద చట్టం తెచ్చింది. ప్యాకింగును వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదీ దుకాణాలదీ అంది. దాంతో కంపెనీలన్నీ కలిసి సొంత సేకరణ వ్యవస్థ పెట్టుకున్నాయి. డబ్బు కట్టిన కంపెనీల ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క గుర్తు కనిపించేది. జపాన్‌లో 2001 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం టీవీ, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ పారేసేవాళ్లే రీసైక్లింగ్ రుసుము కడతారు. దేశానికో పద్ధతి. సూత్రం మాత్రం ఒకటే, చెత్త ఖర్చు వస్తువు ఖర్చులో భాగం.

మన దేశంలో ఈ సూత్రం ముఖ్యంగా మూడు రకాల వస్తువుల మీద అమలవుతోంది. ఎలక్ట్రానిక్ సామాను, బ్యాటరీలు, ప్లాస్టిక్ ప్యాకేజింగ్. చిత్రమేమిటంటే, మా వరండాలో పోగైనవీ ఇవే.

ముందు ఎలక్ట్రానిక్ సామాను సంగతి చూద్దాం. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిసి పారేసిన ఈ-వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులు. సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు అందింది అందులో నూటికి 22 పాళ్లే. పారేసేవాళ్లలో చైనా, అమెరికాల తర్వాత మనమే. మన దగ్గర మొదటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2011లో వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నవి 2022లో ప్రకటించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చినవి. వీటి కిందికి 106 రకాల వస్తువులు వస్తాయి.

లెక్క ఎలా కడతారో చెబుతాను. ఒక కంపెనీ 2015-16లో వెయ్యి టన్నుల ఫ్రిజ్‌లు అమ్మిందనుకోండి. ఫ్రిజ్ సగటు ఆయుష్షు పదేళ్లని ప్రభుత్వం లెక్కగట్టింది. అంటే అవన్నీ 2025-26 నాటికి మూలపడతాయి. ఆ ఏడాది లక్ష్యం 70 శాతం. కాబట్టి ఆ కంపెనీ 700 టన్నుల సామాను రీసైకిల్ అయ్యేలా చూడాలి. 2027-28 నుంచి లక్ష్యం 80 శాతానికి పెరుగుతుంది. కంపెనీ తన ఫ్రిజ్‌లనే వెతికి తేనక్కర్లేదు. ప్రభుత్వం దగ్గర నమోదైన రీసైక్లర్ పాత సామానును కరిగించి లోహాలు తీసినందుకు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో సర్టిఫికెట్లు పుడతాయి. కంపెనీ ఆ సర్టిఫికెట్లు కొనుక్కుని తన లక్ష్యానికి జమ చూపిస్తుంది. తక్కువైతే పరిహారం కట్టాలి. పరిహారం కట్టినంత మాత్రాన లక్ష్యం మాఫీ కాదు, బాకీ అలాగే ఉంటుంది.

పాత ఫోన్ల మీద అందరికీ కన్నెందుకంటే, వాటిలో బంగారం ఉంది. కర్నూలు జిల్లా జొన్నగిరి దగ్గర బంగారు గనిలో టన్ను రాయి పిండి చేస్తే వచ్చేది గ్రామున్నర, రెండు గ్రాముల లెక్క. టన్ను పాత ఫోన్లలో అంతకు ఎన్నో రెట్లు, వందల గ్రాముల్లో ఉంటుంది. ఆ బంగారం కోసమే ఢిల్లీ సీలంపూర్ సందుల్లో, మొరాదాబాద్ చుట్టుపక్కల బోర్డుల్ని యాసిడ్‌లో ముంచుతారు, బహిరంగంగా కాలుస్తారు. పొగ పీల్చేది ఆ పనివాళ్లూ వాళ్ల పిల్లలూను. మిగిలిన యాసిడ్ మురిక్కాలువలో కలుస్తుంది. ఇదే పనిని శాస్త్రీయంగా చేసే పద్ధతిని హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ అనే కేంద్ర పరిశోధన సంస్థ రూపొందించింది. దారి తెలియక కాదు, పెరట్లో చేస్తే చవక కాబట్టి సరుకు అటు పోతోంది.

ఇంకో చిక్కుంది. ఈ-వ్యర్థాల సర్టిఫికెట్లు నాలుగు లోహాల మీదే పుడుతున్నాయి: బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము. మా కొట్టతను ఏరుకున్న జాబితా కూడా దాదాపు ఇదే! ట్యూబులైటులోని పాదరసం, పాత డబ్బా టీవీ గాజులోని సీసం, అతను వెనక్కి విసిరేసిన మిక్సీ తొడుగు, వీటికి బజారులోనూ గిరాకీ లేదు, సర్టిఫికెట్‌లోనూ చోటు లేదు. విషపు మడ్డిని దుండిగల్, పరవాడ వంటి చోట్ల ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు చేర్చాలని నియమమైతే ఉంది. చేర్చడానికి ఖర్చవుతుంది, చేరిస్తే వచ్చేది ఏమీ లేదు. ఖర్చు పెట్టేవాడు పెడతాడు, లేనివాడు చీకటి పడ్డాక ఊరవతల పోసి వస్తాడు.

ఇక బ్యాటరీలు. కారు, ఇన్వర్టర్ బ్యాటరీల బరువులో సగానికి పైగా సీసమే. దాన్ని ఎన్నిసార్లయినా కరిగించి వాడుకోవచ్చు. అందుకే కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదానికి ఇంత తగ్గిస్తామని డీలరే అడిగి తీసుకుంటాడు. 2001 నుంచే దీనికి నిబంధనలున్నాయి. ఇక్కడ ప్రశ్న వెనక్కి వస్తుందా రాదా అని కాదు, ఎవరి చేతికి పోతుందన్నదే. నమోదైన కర్మాగారంలో పొగను వడకడతారు, యాసిడ్‌ను శుద్ధి చేస్తారు. పొలం గట్టున పెట్టిన బట్టీలో యాసిడ్ నేలమీద పారబోస్తారు, సీసం పొగ ఊరి మీదికి వదులుతారు. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి 2020లో ఒక నివేదిక ఇచ్చాయి. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఉండాల్సినదాని కంటే ఎక్కువ సీసం ఉందని, మన దేశంలో అలాంటి పిల్లలు 27 కోట్లకు పైనే అని అంచనా కట్టాయి. అందుకు వాళ్లు చూపిన ముఖ్య కారణాల్లో ఈ దొంగ బట్టీలొకటి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. నేను కాటా మీద పెట్టి డబ్బు తీసుకున్న ఆ యాభై కిలోలు ఎటు పోయాయో నాకు తెలియదు. బేరం లేకుండా ఇచ్చాడని సంబరపడ్డానే గానీ, అడగనైనా లేదు.

2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు అన్ని రకాల బ్యాటరీలకూ వర్తిస్తాయి. ఫోనులో ఉండే చిన్న లిథియం బ్యాటరీ నుంచి ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ దాకా అన్నీ వీటి కిందికే వస్తాయి. అడ్డంగా కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ మీరు బ్యాటరీల మీద చూసే ఉంటారు. చెత్తలో వేయొద్దని దానర్థం. ఈ నిబంధనల్లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. కొత్త బ్యాటరీల్లో పాత బ్యాటరీల నుంచి తీసిన పదార్థం కొంత శాతం తప్పకుండా వాడాలి. ఫోన్ల వంటి వాటి బ్యాటరీలకు 2027-28లో 5 శాతంతో మొదలై 2030-31 నాటికి 20 శాతానికి చేరాలి. అంటే పాత సరుకుకు చట్టమే గిరాకీ పుట్టిస్తోంది. సోడా సీసాకు డిపాజిట్ చేసిన పని ఇదే.

మూడోది నా గోనెసంచి. చిప్స్ కవరు లోపలి వైపు వెండిలా మెరుస్తుంది చూడండి. అది ప్లాస్టిక్ మీద పట్టించిన పలచటి అల్యూమినియం పూత. దానిపైన ఇంకో పొర, దానిపైన రంగులు. పొరపొరా అతుక్కుని ఉంటాయి. కరకరలాడాలంటే గాలీ తేమా చొరబడకూడదు, అందుకే అన్ని పొరలు. విడదీయడం మహా కష్టం, విడదీసినా గుప్పెడు కాదు. అందుకే చెత్త ఏరుకునే ఆమె పాల ప్యాకెట్ తీసుకుంటుంది, నీళ్ల సీసా తీసుకుంటుంది, ఈ కవరు ముట్టుకోదు.

2022 ఫిబ్రవరిలో ప్లాస్టిక్ ప్యాకేజింగుకు ఈపీఆర్ మార్గదర్శకాలు వచ్చాయి. గట్టి డబ్బాలూ సీసాలూ ఒక వర్గం, పలచటి కవర్లు ఒక వర్గం, ఇలా వేరే పదార్థంతో పొరలు కలిపినవి మరో వర్గం. 2023-24 నుంచి కంపెనీ మార్కెట్లోకి వదిలినదంతా, నూటికి నూరు శాతం, దాని ఖాతాలోకే వస్తుంది. అందులో ఎంత రీసైకిల్ చేసి తీరాలో వేరే లెక్క. గట్టి డబ్బాలకు 2027-28 నాటికి 80 శాతం. పొరల కవర్లకు 60 శాతం. మరీ కుదరనివాటిని రోడ్ల తయారీకో సిమెంటు బట్టీలకో పంపొచ్చు. పల్నాడు, సూర్యాపేట జిల్లాల్లో సిమెంటు బట్టీలకు కొదవ లేదు. కాని కవరు బట్టీదాకా చేరాలంటే ఎవరో ఒకరు దాన్ని నేలమీంచి తీయాలి. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఆ పని చేసే కార్మికులకు గ్రీన్ అంబాసిడర్లని ఘనమైన పేరు పెట్టారు. కవరు మీద పేరు కంపెనీది, దాన్ని వంగి తీసే నడుం ఆ అంబాసిడర్‌ది. ఆ వంగినందుకు కవరు తాలూకు కంపెనీ ఇచ్చే పైసా ఆ చేతికి అందే దారి ఇంకా సరిగ్గా పడలేదు.

ప్లాస్టిక్ లెక్కలు కూడా సర్టిఫికెట్ల మీదే నడుస్తాయి. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. రీసైక్లింగ్ చేయాలంటే సరుకు కావాలి, యంత్రం కావాలి, కరెంటు కావాలి. సర్టిఫికెట్‌కు కంప్యూటర్ ఉంటే చాలనుకున్నారు కొందరు. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలు చేస్తే, ప్లాస్టిక్ రీసైక్లర్లలో కొందరు లక్షల సంఖ్యలో దొంగ సర్టిఫికెట్లు పుట్టించినట్టు బయటపడింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! తర్వాత మండలి తనిఖీలు పెంచింది, పోర్టల్‌ను బిగించింది, జరిమానాలు వేసింది. మంచిదే.

ఈ-వ్యర్థాల దగ్గర గొడవ ధర మీద వచ్చింది. సర్టిఫికెట్లు మరీ కారుచౌకగా అమ్ముడవుతున్నాయని ప్రభుత్వం కనీస ధర నిర్ణయించింది. గృహోపకరణాలకు కిలోకు 22 రూపాయలు. ఇదివరకు ఇచ్చినదానికి ఇది ఎన్నో రెట్లని కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాయి. ధర కంపెనీలూ రీసైక్లర్లూ తేల్చుకోవాలి గానీ ప్రభుత్వం కల్పించుకోవడమేమిటని వాళ్ల వాదన. ఆ మాత్రం ధర లేకపోతే పద్ధతిగా పనిచేసే రీసైక్లర్ పెరటి బట్టీల ముందు నిలవలేడన్నది ప్రభుత్వం మాట. నన్నడిగితే ప్రభుత్వం వైపే న్యాయముంది. పొగను వడకట్టేవాడికీ వదిలేసేవాడికీ ఖర్చు ఒకటి కాదు. ఆ తేడా ఎవరో ఒకరు భరించాలి. సరుకు అమ్మి లాభం తీసుకున్నవాడు భరించడమే ధర్మం.

అయితే ఒక లోటు మిగిలే ఉంది. ఈ డబ్బంతా కంపెనీకీ రీసైక్లర్‌కూ మధ్యే తిరుగుతోంది. ఉబ్బిన ఫోను పట్టుకుని షాపు మెట్లు దిగిన నాకు గానీ, గోనెసంచి మూతి విప్పని కొట్టతనికి గానీ అందులో రూపాయి కనిపించదు. కనిపించనిదాని కోసం ఎవరూ వంగరు. పక్కనే తమిళనాడులో నీలగిరి జిల్లాను చూడండి. కొండ మీద పగిలిన మద్యం సీసాలు ఏనుగుల కాళ్లలో గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు పట్టుబట్టింది. 2022లో అక్కడ సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ పది తిరిగివ్వడం మొదలుపెట్టారు. నూటికి తొంభైకి పైగా సీసాలు వెనక్కొచ్చాయి. మనుషులు మారలేదు, ఖాళీ సీసాకు ధర వచ్చింది. మన 2016 ఈ-వ్యర్థాల నిబంధనల్లోనూ డిపాజిట్ పద్ధతి ప్రస్తావన ఉండేది. కంపెనీలు కావాలంటే పెట్టుకోవచ్చు అన్నారు. కావాలంటే అన్న చోట ఎవరికీ కావాల్సి రాలేదు. ఉబ్బిన ఫోనుకూ పొరల కవరుకూ ఆ డిపాజిట్‌ను తప్పనిసరి చేయాలన్నది నా అభిప్రాయం.

అది వచ్చేలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకండి, నొక్కకండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి. చెత్తబుట్టలో అసలే వేయకండి, చెత్త లారీలో నలిగి అంటుకుంటుంది. రేకు డబ్బాలో పొడి ఇసుక పోసి అందులో ఉంచి, కంపెనీ సర్వీస్ సెంటర్‌కో నమోదైన రీసైక్లర్‌కో ఇవ్వండి. నమోదైనవాళ్ల జాబితా కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీని, రేటు కాస్త తగ్గినా, డీలర్ దగ్గరే మార్చుకోండి. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. భోగి నాడు పిల్లలు వైర్లూ కవర్లూ మంటలో వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. కొత్త వస్తువు కొనేటప్పుడు ధర అడిగినట్టే, పాడైతే వెనక్కి తీసుకుంటారా అని కూడా అడగండి. ఒక్కరడిగితే వింతగా చూస్తారు. రోజుకు పదిమంది అడిగితే షాపులో ఒక పెట్టె పెడతారు.

ఉబ్బిన నా ఫోను ఇసుక డబ్బాలో ఉంది, వచ్చే వారం దాన్ని సర్వీస్ సెంటర్‌లో అప్పగించి వస్తాను. గోనెసంచి మాత్రం ఇప్పటికీ వరండాలోనే ఉంది. దాని మీద పది కంపెనీల పేర్లున్నాయి, అడ్రసులున్నాయి, ఫోను నంబర్లు కూడా ఉన్నాయి. ఆ కంపెనీల్లో ఒక్కటీ ఇంకా నా ఇంటి గుమ్మం ఎక్కలేదు.